పిల్లీ ఉండాలి, కోడిపిల్లలూ ఉండాలి

(శ్రీరంగాపూర్ మహిళల కోసం ఒక ప్రసంగం)

 

ఈరోజు ముచ్చట పిల్లి గురించి. గూట్లో పెరిగే కోడిపిల్లల గురించి. ఒకే ఇంట్లో ఈ రెండూ ఎట్లా బతకాలి అన్నదాని గురించి.

"ఇది కూడా ఒక ముచ్చటేనా?" అని కొందరు నవ్వుకోవచ్చు. కానీ కోడి అంటే ఆడమనిషి చేతి పైస. పొలం పైసలు మగవాళ్ళ చేతికి పోతాయి. కూలి పైసలు ఇంటి ఖర్చుకు పోతాయి. గుడ్డు అమ్మిన పైస మాత్రం ఆమె కొంగున ఉంటుంది. బిడ్డకు నోటుబుక్కు కావాలన్నా, జ్వరం గోలీ కావాలన్నా ఆ పైసే అక్కరకు వస్తుంది. ఆ పైసను పిల్లి ఎత్తుకుపోతే బాధే కదా!

శ్రీరంగాపూర్ అనగానే రంగనాయక స్వామి గుడి గుర్తుకొస్తుంది. గుడి పక్కనే రంగసముద్రం చెరువు. భీమా ఎత్తిపోతల నీళ్ళు ఈ చెరువులోకి వస్తాయి. నీళ్ళున్న చోట వరి పండుతుంది. చెల్కల్లో పల్లీ పండుతుంది. పంట ఇంటికి వస్తే వెనకాలే ఎలుక వస్తుంది. ఎలుక వెనకాల పిల్లి వస్తుంది.

ఇది నిన్న మొన్నటి సంగతి కాదు. సైప్రస్ అని ఒక దీవి ఉంది. అక్కడ 9,500 ఏళ్ళ నాటి సమాధి ఒకటి బయటపడింది. అందులో ఒక మనిషి ఉన్నాడు. పక్కనే ఒక పిల్లి ఉంది. ఈ సంగతి 2004లో లోకానికి తెలిసింది. అంటే మనిషి గింజలు దాచుకోవడం మొదలుపెట్టిన కాలం నుంచీ పిల్లి తోడుగా ఉందన్నమాట.

ఒక ఇంటి ముచ్చట

ఒక ఇల్లు అనుకుందాం. ఇది ఏ ఒక్కరి ఇల్లూ కాదు. ఎన్నో ఇళ్ళలో జరిగే ముచ్చట.

ఆ ఇంట్లో అత్తాకోడళ్ళు ఉన్నారు. కోడలు పొదుపు సంఘంలో అప్పు తీసుకుంది. 20 వనరాజా కోడిపిల్లలు తెచ్చుకుంది. వనరాజా అంటే హైదరాబాదు రాజేంద్రనగర్‌లోని కోళ్ళ పరిశోధన సంస్థ తయారు చేసిన జాతి. పెరట్లో తిరిగి బతకగలదు. నాటుకోడి కంటే ఎక్కువ గుడ్లు పెడుతుంది.

అయితే ఒక చిక్కు ఉంది. ఈ పిల్లలను మిషన్‌లో పొదిగిస్తారు. వీటికి తల్లి ఉండదు. నాటుకోడి తన పిల్లలను రెక్కల కింద పెట్టుకుంటుంది. పిల్లి వస్తే ఈకలు లేపి మీదికి ఉరుకుతుంది. తల్లి లేని పిల్లలకు ఆ కాపలా లేదు. రెక్కల వెచ్చదనం కూడా లేదు. కాబట్టి మొదటి ఆరు వారాలు వీటిని గూట్లోనే పెంచాలి. ఆ ఆరు వారాలూ ఇల్లే వాటికి తల్లి.

కోడలు పిల్లలను వాకిట్లో వెదురు గంప కింద కమ్మింది. పది రోజులు బాగానే గడిచాయి. పదకొండో రోజు తెల్లవారుజామున గంప పక్కకు ఒరిగి ఉంది. ఒక పిల్ల కనిపించలేదు. రెండు పిల్లలు ఊపిరాడక చచ్చిపడి ఉన్నాయి. వాటి మీద గాయం లేదు. పిల్లికి భయపడి అన్నీ ఒక మూలకు ఉరికాయి. ఒకదాని మీద ఒకటి ఎక్కాయి. అడుగున పడ్డవి నలిగిపోయాయి. ఇంకో పిల్లకు రెక్క మీద చిన్న గీత పడింది. "ఇంతే కదా" అనుకున్నారు. మర్నాటికి అది కూడా పోయింది.

పిల్లి నోట్లోనూ గోళ్ళల్లోనూ కంటికి కనపడని క్రిములు ఉంటాయి. చిన్న గీతతోనే అవి లోపలికి పోతాయి. చిన్న ప్రాణి తట్టుకోలేదు.

ఒక్క రాత్రి పనికి నాలుగు పిల్లలు పోయాయి. పదహారు మిగిలాయి.

కోడలు ఏడ్చింది. "అత్తమ్మా, ఆ పిల్లిని సంచిలో ఏసి చెరువు కట్ట అవతల ఇడిసొస్త" అన్నది.

అత్త ఒప్పుకోలేదు. "గుమ్మిల వడ్లు ఎవరు కాస్తరు బిడ్డా? పోయినేడు ఎలుకలు పల్లికాయ సంచులు కొరికినయి. విత్తనానికి కూడా కొనుక్కోవాల్సి వచ్చింది. మర్చిపోయినవా?" అన్నది.

కొడుకు మధ్యలో వచ్చాడు. "పిల్లి ఎందుకు? ఎలుకల మందు పెడదాం" అన్నాడు.

ముగ్గురి మాటలోనూ కొంత నిజం ఉంది. కొంత పొరపాటు ఉంది. ఒక్కొక్కటి చూద్దాం.

పిల్లిని వదిలేస్తే ఏమవుతుంది? ఇల్లు వెతుక్కుంటూ తిరిగి రావచ్చు. తిరిగి రాకపోతే తిండి లేక చావచ్చు. ఇంట్లో ఎలుకలు మాత్రం ఉండనే ఉన్నాయి. వాటి కోసం వీధిలోని ఇంకో పిల్లి వస్తుంది. ఆ పిల్లికి ఈ ఇంటి అలవాట్లు తెలియవు. అది ఇంకా కష్టం.

ఎలుకల మందు పెడితే ఏమవుతుంది? ఆ మందు తిన్న ఎలుకను పిల్లి తింటే పిల్లికీ ముప్పే. మందు కలిపిన గింజలు కోడిపిల్లలు తింటే అవీ చస్తాయి. పాకే పిల్లలున్న ఇంట్లో ఆ మందు మరీ ప్రమాదం.

ఇంకో సంగతి కూడా ఉంది. ఎలుక కూడా కోడిపిల్లను పట్టుకుపోతుంది. రాత్రి పూట మాయమైన ప్రతి పిల్లా పిల్లి నోట్లోకే పోలేదు.

ఉట్టి చెప్పిన పాఠం

కోడలు పశువుల ఆసుపత్రికి పోయింది. డాక్టరమ్మ అంతా విన్నది. ఒక్క మాట అడిగింది.

"మీ అత్త పాలు, పెరుగు ఎక్కడ పెట్టేది?"

"ఎనుకట ఉట్టి మీద పెట్టేదమ్మా."

"ఉట్టి ఎందుకు కట్టింది?"

"పిల్లి తాగుతదని."

"మరి పిల్లిని తరిమేయలేదు కదా! పాలను పైకి ఎత్తింది. ఇప్పుడు నువ్వు చేయాల్సింది కూడా అదే."

నిజమే. పిల్లి పాలు తాగుతుంది. అది దాని గుణం. పిల్లి కదిలే చిన్న ప్రాణిని పట్టుకుంటుంది. అది కూడా దాని గుణమే. కడుపు నిండి ఉన్నా సరే, చిన్న పిట్ట అటూ ఇటూ ఉరికితే పిల్లి దుముకుతుంది. తిడితే మారదు. కొడితే మారదు. కొడితే మనిషికి భయపడి దొంగచాటుగా వస్తుంది. గుణం మారదు కాబట్టి ఇల్లు మారాలి. వెనకటి అవ్వలు చేసింది అదే.

గూడు ఎట్లా ఉండాలి?

అత్తాకోడళ్ళు ఇంటికి వచ్చి పని మొదలుపెట్టారు.

మొదట చోటు చూశారు. వంటింటి పక్కన చిన్న అర్ర ఉంది. దానికి తలుపు ఉంది. ఆ అర్రను కోడిపిల్లలకు ఇచ్చారు. తలుపు కింద సందు ఉంది. తల పట్టిన సందులో పిల్లి ఒళ్ళంతా పడుతుంది. అందుకని అక్కడ చెక్క కొట్టారు. గోడలో ఎలుక బొక్కలు ఉంటే గాజు పెంకులు, సిమెంటు పెట్టి మూశారు. వేలు దూరే సందు కూడా వదలలేదు. కిటికీకి జాలీ కొట్టారు. గాలి ఆడాలి, పిల్లి రాకూడదు.

తర్వాత గూడు. కోడలు టేపు పట్టి కొలిచింది. నాలుగు అడుగుల పొడవు, నాలుగు అడుగుల వెడల్పు. అంటే 16 చదరపు అడుగులు. 16 పిల్లలు ఉన్నాయి. ఒక్కో పిల్లకు ఒక చదరపు అడుగు వచ్చింది. ఆరు వారాల దాకా ఇది సరిపోతుంది. ఇరుకు చేస్తే పిల్లలు ఒకదాన్ని ఒకటి పొడుచుకుంటాయి.

పెబ్బేరులో ఇనుప సామాన్ల దుకాణానికి పోయి జాలీ కొన్నది. దుకాణంలో రెండు రకాలు చూపించారు. ఒకటి పెద్ద కళ్ళ పలుచని జాలీ. ధర తక్కువ. ఆ కళ్ళలోంచి పిల్లి పంజా లోపలికి పోతుంది. కోడిపిల్ల తల బయటికి వస్తుంది. రెండోది అర అంగుళం కళ్ళ గట్టి జాలీ. ఇందులో పంజా పట్టదు. ఎలుక కూడా పట్టదు. కోడలు రెండోదే తీసుకున్నది. చేపల వల, ప్లాస్టిక్ వల పనికిరావు. పిల్లి గోళ్ళతో చీలుస్తుంది. ఎలుక పళ్ళతో కొరుకుతుంది.

గూటికి నాలుగు పక్కలా జాలీ వేశారు. పైన కూడా వేశారు. పైకప్పు లేని గూడు పిల్లికి గిన్నెలో పెట్టిన బువ్వే. అడుగున ఒక అడుగు ఎత్తు దాకా చుట్టూ చెక్క కొట్టారు. దీంతో రెండు లాభాలు ఉన్నాయి. పంజా తగలదు. పిల్లికి కోడిపిల్లలు కనపడవు, కోడిపిల్లలకు పిల్లి కనపడదు. కనపడకపోతే భయం తక్కువ. భయం తక్కువైతే మూలకు ఉరికి నలిగిపోవడం తక్కువ.

తలుపుకు తాడు కట్టలేదు. తాడును పిల్లి పంజాతో లాగుతుంది. ఇనుప గొళ్ళెం పెట్టారు. గూడు ఒరగకుండా గోడకు మేకులు కొట్టి కట్టారు.

కింద పల్లీ పొట్టు పరిచారు. వరి ఊక అయినా మంచిదే. తడిసిన చోట తీసి కొత్తది వేయాలి.

వెచ్చదనం కోసం గూట్లో గుండు బల్బు వేలాడదీశారు. ఎల్.ఇ.డి. బల్బు వెలుగు ఇస్తుంది, వేడి ఇవ్వదు. పిల్లలన్నీ బల్బు కింద కుప్ప పడితే చలి ఉన్నట్టు. బల్బుకు దూరంగా పోయి నోరు తెరిస్తే వేడి ఎక్కువైనట్టు. గూడంతా చెదిరి తిరుగుతుంటే సరిగ్గా ఉన్నట్టు. వైరు పొట్టుకు తగలకూడదు. పిల్లి లాగేటట్టు వేలాడకూడదు. మన దిక్కు ఎండలు గట్టివి. ఎండాకాలం పగటి పూట బల్బు ఆర్పేయాలి.

పిల్లికి కూడా ఒక చోటు

ఇక్కడ చాలామంది ఒక సంగతి మరుస్తారు. కోడిపిల్లలకు గూడు చేస్తారు. పిల్లికి చోటు చేయరు. పిల్లికి వెచ్చని చోటు ఇష్టం. బల్బు వెలిగే గూడు కంటే వెచ్చని చోటు ఇంట్లో ఏది ఉంది? అందుకే అది గూటి పైకెక్కి పడుకోవాలని చూస్తుంది. దానికి ఆకలి లేకపోయినా లోపలి పిల్లలకు భయమే.

అత్త అటక మీద పాత గోనెసంచి మడిచి వేసింది. పిల్లికి ఎత్తయిన చోటు ఇష్టం. అక్కడి నుంచి ఇల్లంతా కనపడుతుంది. నాలుగు రోజులు అక్కడే పెరుగన్నం పెట్టింది. చేప తల దొరికితే అదీ పెట్టింది. పిల్లి ఆ చోటు తనదే అనుకున్నది.

పిల్లి వేట ఎక్కువగా తెల్లవారుజామున, పొద్దుగూకే వేళ. అందుకని పొద్దు గూకకముందే దానికి తిండి పెట్టడం అలవాటు చేశారు. "తిండి పెడితే ఎలుకలను పట్టదు" అని కొందరంటారు. అది నిజం కాదు. వేట పిల్లి గుణం అని ముందే చెప్పుకున్నాం. తిండి పెట్టిన పిల్లి కూడా ఎలుకను పడుతుంది. ఇల్లు వదిలి తిరగడం మాత్రం తగ్గుతుంది.

"పిల్లి మెడలో గంట కడితే పోదా?" అని కోడలు అడిగింది. డాక్టరమ్మ నవ్వింది. "గంట మోగితే చెట్టు మీది పిట్ట ఎగిరిపోతుంది. గూట్లో ఉన్న పిల్ల ఎక్కడికి పోతుంది?" అన్నది. గూటికి గొళ్ళెమే గంట.

పిల్లి అర్ర దగ్గర కూర్చుంటే కొట్టలేదు. చప్పట్లు కొట్టి బయటికి పంపారు. మూసిన తలుపు మాత్రం ఎప్పుడూ మరువలేదు. "మా పిల్లి మంచిది, ఏమీ అనదు" అన్న నమ్మకం ఒక్క క్షణం చాలు, నష్టం జరగడానికి.

చెల్లాచెదురు నూకలు

కోడిపిల్లలు తినేటప్పుడు నూకలు, దాణా చెల్లాచెదురు చేస్తాయి. రాత్రి ఆ గింజల కోసం ఎలుక వస్తుంది. ఎలుక కోసం పిల్లి వస్తుంది. పిల్లిని గూటి దగ్గరికి పిలిచేది ఆ నూకలే. కాబట్టి పొద్దుగూకే వేళ గూటి చుట్టూ ఊడవాలి. దాణా సంచిలో ఉంచకూడదు. మూత ఉన్న రేకు డబ్బాలో పోయాలి.

గూట్లో పిట్టలుంటే

ఆ ఇంటి చిన్నపిల్ల అంగట్లో లవ్ బర్డ్స్ జత కొనిపించుకుంది. ఆస్ట్రేలియా దేశపు జాతి చిన్న చిలుకలనే అంగట్లో ఈ పేరుతో అమ్ముతారు. వాటి గూడు కిటికీ గట్టు మీద పెట్టారు. పిల్లి రోజంతా దాని ముందే కూర్చునేది. పిట్టలు తిండి మానేశాయి.

పిల్లి ఉన్నచోటు నుంచే అయిదు అడుగుల దాకా దుముకుతుంది. కిటికీ, మంచం, బీరువా దానికి మెట్లు. అందుకని గూడును దూలానికి కొక్కెం వేసి కట్టారు. చుట్టూ ఎక్కడానికి ఏదీ లేకుండా జరిపారు. రాత్రి మూడు పక్కల పలుచని బట్ట కప్పారు. గాలి కోసం నాలుగో పక్క వదిలారు. పిట్టలు మళ్ళీ గింజలు తిన్నాయి.

ఒక మాట గుర్తుంచుకోవాలి. ఇంట్లో రామచిలుకను గూట్లో పెట్టకూడదు. 1972 వన్యప్రాణి రక్షణ చట్టం ప్రకారం అది నేరం. రామచిలుక చెట్టు మీద ఉండాల్సిందే.

మనుషుల క్షేమం

గూడు శుభ్రం చేశాక, పిల్లిని ముట్టుకున్నాక సబ్బుతో చేతులు కడగాలి. పిల్లి మలాన్ని కడుపుతో ఉన్న ఆడవాళ్ళు ఎత్తకూడదు. దానిలోని క్రిమి కడుపులో బిడ్డకు హాని చేయవచ్చు. ఇంకొకరు ఎత్తి గుంటలో పూడ్చాలి.

పిల్లి కరిచినా, గోరు గీసి రక్తం వచ్చినా తేలిగ్గా తీసుకోకూడదు. కుక్కకే కాదు, పిల్లికి కూడా పిచ్చి వ్యాధి వస్తుంది. ఆ జబ్బు బయటపడితే ప్రాణం దక్కడం దాదాపు లేదు. ముందే సూది వేయించుకుంటే భయం లేదు. పుండును పారే నీళ్ళ కింద సబ్బుతో 15 నిమిషాలు కడగాలి. పసుపు, కారం, సున్నం పెట్టకూడదు. వెంటనే సర్కారు దవాఖానకు పోవాలి. అన్ని సూదులూ పూర్తి చేయాలి.

పిల్లికి కూడా పశువుల ఆసుపత్రిలో ఈ వ్యాధి రాకుండా టీకా వేయించాలి. పిల్లలు వద్దనుకుంటే ఆపరేషన్ గురించి కూడా అక్కడే అడగాలి. ఆడపిల్లి రెండు నెలలకే ఈనుతుంది. ఏడాదిలో రెండు మూడు ఈతలు కావచ్చు. ఒక పిల్లికి చోటు చేయగలం. పది పిల్లులకు చేయలేం.

ఆరు వారాల తర్వాత

కోడలు గోడకు ఒక కాగితం అంటించింది. తన చేత్తోనే రాసింది. పిల్లలు తెచ్చిన తేదీ. టీకాల తేదీలు. ఎన్ని పోయాయి, ఎన్ని ఉన్నాయి. మొదటి వరుసలో 20 అని ఉంది. రెండో వరుసలో 16 అని ఉంది. ఆరు వారాలు నిండాక కూడా 16 అనే రాసింది. ఆ అంకెను అత్తకు చూపించింది. అత్త వేలు పెట్టి కూడబలుక్కుని చదివింది. ఆమె కూడా చదువు కేంద్రానికి వస్తున్నది కదా!

ఆరు వారాలకు పిల్లలు పెద్దవయ్యాయి. వాటిని పగలు పెరట్లోకి వదిలారు. రాత్రి మళ్ళీ గూట్లోకి తోలారు. పిల్లి అటక మీది నుంచి చూసింది. గుమ్మి వెనకాల ఎలుక చప్పుడు విని అటు పోయింది.

ఎవరి పని వాళ్ళది. గుడ్ల పైస కోడలిది. వడ్ల కాపలా పిల్లిది.

అక్కలారా, చెల్లెళ్ళారా! ఇంటికి పోయాక అయిదు మాటలు అయిదు వేళ్ళ మీద లెక్కపెట్టుకోండి.

బొటనవేలు: అర అంగుళం గట్టి జాలీ, పైకప్పు, ఇనుప గొళ్ళెం.

చూపుడు వేలు: పిల్లికి వేరే చోటు, పొద్దు గూకకముందే తిండి.

నడిమి వేలు: రాలిన గింజలు రాత్రికి ఉండకూడదు.

ఉంగరం వేలు: ఎలుకల మందు వద్దు.

చిటికెన వేలు: పిల్లి కరిస్తే సబ్బు, నీళ్ళు, దవాఖాన.

ఈ అయిదూ గుర్తుంటే పిల్లీ ఉంటుంది, కోడిపిల్లలూ ఉంటాయి. ఇంట్లో గొడవ మాత్రం ఉండదు.

సెలవు.